శనివారం ఇడ్లీలు

హైమావతి నకలు మూడోసారి కూడా చనిపోయింది.

అసలు హైమావతి వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆవిడ పొట్టకి అతికించిన ఇన్సులిన్ యంత్రానికి దాన్ని నడిపే కొత్త ఓఎస్ వచ్చింది, ఇంకా పరీక్షలో ఉన్న బీటాయే. ముందుగా దాన్ని కంప్యూటర్లోని వర్చువల్ మెషీన్‌లో, ఆవిడలాగే బతికే నకలు మనిషి మీద నడిపి చూడాలి. ఆరులోగా వద్దనకపోతే అదే అసలు యంత్రంలోకి ఎక్కేస్తుంది. ఆరుకి ఇంక పది నిమిషాలే ఉన్నాయి.

కోడలు వకుళ చెమట తుడుచుకుంటూ కంప్యూటర్లో నకలు లాగ్ మొదటినుంచి మళ్లీ చదివింది. మూడుసార్లూ శనివారమే. మూడుసార్లూ నాలుగు ఇడ్లీలు తిన్నట్టు నమోదైంది, మందు పడింది, చక్కెర పాతాళానికి దిగిపోయింది.

"అత్తయ్యా, శనివారాలు మీరు ఇడ్లీలు తింటున్నారా?"

ఈనెలు తీస్తున్న చెయ్యి ఆగింది.

"ఉపవాసం కదమ్మా! తినలేదంటే అది గంట గంటకీ మోగి ప్రాణం తోడేస్తుంది. అందుకని తిన్నానని నొక్కేస్తా."

వకుళ గబగబా 'వద్దు' నొక్కింది.

"మరి ఇన్నేళ్లూ నాకేం కాలేదుగా?"

వకుళ పాత ఓఎస్ రికార్డు తెరిచింది. ప్రతి శనివారం ఇడ్లీల ఎదురుగా మందు సున్నా.

"పాతదానికి మీ అబద్ధం ఎప్పుడో తెలిసిపోయింది అత్తయ్యా. కొత్తది మిమ్మల్ని నమ్మింది."

హైమావతి పొట్ట మీద మెల్లగా చెయ్యి వేసుకుంది.

"తెలిసీ ఇన్నేళ్లూ ఒక్క మాటా అనలేదూ?"