వేళ్ళు తీసి చూడు

“కరెంటు లీకేజీ ఉంది. నీ రిపేరూ నీలాగే ఉందే, పైకి బుద్ధిగా, లోపల గండం,” అన్నాడు నాన్న మీటరు చూస్తూ.

మా షాపుకి రిపేరుకొచ్చిన ఆ గీజరులో నీళ్ళు కాచే కాయిల్ మార్చింది నేనే. కాయిల్‌కీ పైరేకుకీ మధ్య రెసిస్టెన్స్ కొలిస్తే మీటరు ఏ అంకే చూపకూడదు. చూపిందంటే నీళ్ళు పట్టుకున్నవాళ్ళకు షాకే. ఇప్పుడు తెర మీద అంకెలు ఎగిరెగిరి పడుతున్నాయి.

“ఇది తెచ్చినవాళ్ళింట్లో పసిపిల్ల ఉంది. మొత్తం విప్పు.”

విప్పడానికి వంగినప్పుడు కనిపించాయి నాన్న బొటనవేళ్ళు. మీటరు వైర్ల చివర ఉన్న ఇనుప మొనల మీద ఆనుకుని ఉన్నాయి.

“నాన్నా, వేళ్ళు తియ్యి. మీటరు నిన్ను కూడా కలిపి కొలుస్తోంది.”

“నేనెక్కడ ముట్టుకున్నాను? నేను నేర్పిన మొదటి పాఠం నాకే చెబుతున్నావా?”

ఆయన చేతుల్ని పట్టుకుని ప్లాస్టిక్ పిడి మీదికి జరిపాను. అంకెలు మాయమయ్యాయి. గీజరు బాగానే ఉంది.

నాన్న తన చేతులు తిప్పి చూసుకున్నాడు. కుడి బొటనవేలి మీద టంకం తగిలి కాలిన బొబ్బ ఉంది.

“ఇదెప్పుడు కాలింది?” అని నన్నడిగాడు.

రోజంతా కరెంటు తీగలు పట్టుకునే చెయ్యి అది. నేను ఆయన చూపుడువేలు అందుకుని, కొసన నా గోటితో నొక్కాను.

నాన్న అటువైపు తల తిప్పుకున్నాడు.

“ఊఁ, నొక్కు మరి. చూద్దాం,” అన్నాడు.

నా గోరు అప్పటికే చర్మంలోకి దిగి ఉంది.