ఏర్లకు తరగతులు కట్టిన కొంగ

అడవిలో మూడు ఏర్లు కలిసేచోట ఒక కొంగ బండరాయి ఎక్కి తీర్పు చెప్పింది. "తేటనీరు ఉత్తమం. ఆకుల కషాయంలాంటి నల్లనీరు మధ్యమం. బురదనీరు అధమం. బురదలో ఉన్నవాళ్లంతా రేపటికల్లా తేటనీటికి మారాలి."

ముసలి నత్తకి ఒళ్లు మండింది. బురదనీటిలోని సున్నంతోనే తన గుల్ల రాయిలా గట్టిపడింది. పుల్లటి నల్లనీటికి కాపురం మార్చిన అక్కకి గుల్ల కరిగిపోయింది. సున్నం లేని తేటనీటిలో చెల్లెలి గుల్ల ఉల్లిపొరలా తయారైంది.

"ఆ నీళ్లు ఎప్పుడైనా రుచి చూశావా, దొరా?" అంది నత్త.

"నీళ్ల సంగతి తేల్చడానికి రంగు చాలు," అంది కొంగ.

"మరి పొద్దున ఏ ఏట్లో మేశావు?"

కొంగ ముక్కుకి అంటిన బురదని రెక్కకి తుడుచుకుంది. తెల్లటి రెక్క కాస్తా అధమంలో చేరిపోయింది.