గోడ చెప్పిన పేరు

అనంతపురం వేరుశనగ ల్యాబులో ఏ ఆలోచన ఎవరి నోట పుట్టిందో గోడే చెప్పేస్తుంది. వేరొకరి ఆలోచన కొట్టేసినవాళ్లు అందరికీ మిరపకాయ బజ్జీలు వెయ్యాలి.

మంచు తాగి మొలిచే విత్తనం గురించి ప్రొఫెసర్ ఫణీంద్ర రాసిన వ్యాసం చూసి, ఆయన కింద పరిశోధన చేసే వకుళకు ఒళ్లు మండింది.

"నా ఆలోచన కొట్టేస్తిరి కదా సార్! పొయ్యి మీద మూకుడు పెట్టండి," అంటూ ఆయన్ను గోడ ముందు నిలబెట్టింది.

గోడ మీద వకుళ పేరు వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో ఆ పేరు కింద, అంతకంటే పాత తేదీతో, ఫణీంద్ర పేరూ వెలిగింది. ఎప్పుడో క్యాంటీన్లో వకుళ ఎదుట ఆయన విసుగ్గా అన్న మాట గోడలోంచి వినిపించింది: "ఈ విత్తనం మంచు తాగి మొలిస్తే ఎంత బాగుండు!"

"నేనా అంటిని?" ఆయన నోరెళ్లబెట్టాడు.

వకుళకు నవ్వాగలేదు. "జరగండి సార్, పిండి నేను కలుపుతా."

మొదటి బజ్జీ నూనెలో పొంగగానే ఇద్దరికీ ఒకేసారి ఏదో తట్టింది. ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

"గోడా, ఇద్దరి పేర్లూ రాసుకో!" అని కలిసి అరిచారు.