బొట్టు నిలవని కారు

“బొట్టు నిలవని బండి నేనెక్క!” రామక్క పట్టుకున్న కారు డోరు వదిలేసి వెనక్కి జరిగింది.

కొడుకు సారంగపాణి తల పట్టుకున్నాడు. పొద్దెక్కకముందే మణుగూరు నుంచి భద్రాచలం దవాఖానాకు చేరాలి. హైదరాబాద్ కంటి డాక్టరు ఇవాళొక్కరోజే ఉంటాడు. తల్లి కుడికంట్లో పొర ముదిరిపోయిందనీ, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు రాదనీ ఆయన కిందటిసారే తెగేసి చెప్పాడు. మొన్నటికి మొన్న రామక్క కనపడక సలసల కాగే గంజిలో చెయ్యి పెట్టబోయింది. అలాంటి మనిషిని బతిమాలి బామాలి కారు డోరు దాకా తెచ్చేసరికి ఇదీ వరస.

“ముత్యాలు పెట్టింది గదమ్మా! నేను చూసిన.”

“ఏదిరా మరి? చూపియ్యి.”

బానెట్ మీద నిజంగానే బొట్టు లేదు. కోడలు ముత్యాలు ఇప్పుడే పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయల కోసం లోపలికి వెళ్లింది. సారంగపాణి డిక్కీలో సంచి పెట్టి వచ్చాడు. ఆ కాస్తలోనే మాయం. కళ్లు మసకలున్న రామక్కే ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది.

“నువ్వు పూయించిన మందు పనేరా ఇది. పసుపు కుంకుమే అంటని బండి మనల్ని యాడికి తీస్కపోతది?”

ఆ మందు గురించి బొగ్గుగని క్వార్టర్లంతా చాటింపు వేసింది సారంగపాణే మరి. మణుగూరులో బొగ్గు దుమ్ము చెట్ల మీద పడుతుంది, ఆరేసిన బట్టల మీద పడుతుంది, ఆదమరిస్తే అన్నం మీదా పడుతుంది. తన తెల్ల మారుతి మీద మాత్రం పడకూడదని ఖమ్మం తీసుకెళ్లి కొత్తగా వచ్చిన కోటింగ్ చేయించాడు. రాగానే బానెట్ మీద చెంబెడు నీళ్లు పోసి, అవి తామరాకు మీద నీళ్లలా జారిపోతుంటే పక్కింటి సీతయ్యను పిలిచి మరీ చూపించాడు. “దుమ్ము నిలవదు, నీళ్లు నిలవవు, కాకి రెట్టేసినా జారుడే!” అన్నాడు. ఇప్పుడు బొట్టూ జారింది. నిజం చెప్పొద్దూ, అంత గాభరాలోనూ మనసులో ఓ మూల ‘అబ్బ, ఏం కోటింగ్!’ అనుకున్నాడు.

“ముత్యాలూ, ఇంకోసారి పెట్టు. గట్టిగ అద్దు.”

ముత్యాలు ఈసారి పసుపు ముద్దలా కలిపి, వేలితో అదిమి మరీ పెట్టింది. బొట్టు బ్రహ్మాండంగా నిలిచింది. ఆమె తలుపుకు తాళం వేయడానికి వెళ్లింది. సారంగపాణి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడానికి వంగాడు. లేచి చూస్తే బానెట్ తళతళ మెరుస్తోంది. బొట్టు ఆనవాలు కూడా లేదు. రామక్క కొంగులో చేతులు చుట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

“అపశకునం బిడ్డా. ఈ కోసుడు గీసుడు నాకొద్దు. ఉన్న చూపుతోనే ఎళ్లదీస్త.”

“పోనీ బస్సుల పోదామా అత్తా?” అంది ముత్యాలు.

“బస్సుల నాకు వాంతులైతయ్.”

ఇక దారి లేదు. సారంగపాణి తల్లి వంక చూశాడు, కారు వంక చూశాడు. ఈగ వాలినా ఓర్చుకోలేని కారు అది. పెళ్లాం చీర చెంగు తగిలితేనే కయ్‌మనేవాడు. గబగబా పెరట్లోకి వెళ్లి, గిన్నెలు తోమే కొబ్బరి పీచూ గుప్పెడు ఇసుకా తెచ్చి బానెట్ మీద పడ్డాడు.

“ఏందయ్యా! పిచ్చిలేసిందా?” ముత్యాలు కెవ్వుమంది.

“మందు పోతే బొట్టు నిలుస్తది గద!” గరగర తోముతూనే ఉన్నాడు. “ఇంత చాలా అమ్మా? మొత్తం గీకాల్నా? చెప్పు, గీకుత. కారుకు మందు పోతే మళ్ల పూయిస్త. నీ కన్ను పోతే యాడ పూయించాలె?”

రామక్క ముందుకొచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది.

“చాలు కొడుకా, ఇంక చాలు. పెట్టు పిల్లా బొట్టు,” అంది మెల్లగా.

అరచేతి మేర రంగు ఊడి కారు మొహం మాడిపోయింది. అక్కడ పెట్టిన బొట్టు మాత్రం కదల్లేదు. రామక్క ఎక్కి కూర్చుంది. అశ్వాపురం దాటి, సారపాక దాటి, గోదావరి బ్రిడ్జి ఎక్కేదాకా సారంగపాణి ఒక కన్ను రోడ్డు మీదా, ఒక కన్ను ఆ ఎర్రచుక్క మీదా వేసి నడిపాడు. వేళకే చేరారు. ఆపరేషనూ సాఫీగా అయిపోయింది.

మర్నాడు నర్సు కట్టు విప్పగానే రామక్క కొడుకు ముఖం తేరిపార చూసింది.

“ఏందిరా, గింత చిక్కినవ్?”

సారంగపాణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. “అమ్మయ్య!” అంటూ అక్కడి బల్ల మీదే కూలబడ్డాడు. మళ్లీ లేచేదాకా ముత్యాలు అతని వీపు నిమురుతూనే ఉంది.

బయటికొచ్చాక రామక్క కారు దగ్గర ఆగింది. నల్లద్దాలు పైకెత్తి, కొత్త చూపుతో బానెట్ మీది గీతల్ని తడిమి తడిమి చూసింది.

“ఈడ మళ్ల మందు పూయించుకో కొడుకా.”

“వద్దులే అమ్మా, మళ్ల బొట్టు జారుతది.”

“జారదు తీ,” అంది రామక్క సీట్లో సర్దుకుంటూ. “రెండో కంటికి వచ్చేటప్పుడు నేను కొంగుతో తుడవనులే.”