గోడవతలి వెచ్చదనం

నిన్నటికి కరివేపాకు మొక్కకి పదకొండు రెమ్మలున్నాయి. ఇవాళ తొమ్మిదే.

హైమ మోకాళ్ల మీద కూర్చుని గోడ హీటరు మీద చెయ్యి పెట్టింది. ఫ్రిజ్ తలుపు మీద పెట్టినట్టుంది. డయల్ మాత్రం ఆఖరి అంకె మీద ఉంది.

2014 జనవరి. ట్రాయ్ అనే ఈ పరాయిదేశపు ఊరంతా గడ్డకట్టుకుపోయింది. ఇంట్లో మిగతా గదులకి ఫర్నేస్ గొట్టాల్లోంచి వేడిగాలి వస్తుంది. వెనకాల అద్దాల గదికి మాత్రం ఈ గోడ హీటరే దిక్కు. ఎండ కావాలి కనుక మొక్కకి ఆ గదే దిక్కు.

"పోతే పోనీ. గుడిలో ఇంకోటి అమ్ముతారుగా" అన్నాడు మోహన్. మొగుళ్లకేం తెలుస్తుంది!

సెప్టెంబర్‌లో, తలా ఒక వంటకం తెచ్చే వినాయక చవితి పాట్‌లక్‌కి హైమ పులిహోర పట్టుకెళ్లింది. పక్కింటి ఉమ నలభై మంది ముందు దాన్ని గరిటెతో కెలికింది.

"ఎండు కరివేపాకు వేశావా హైమా? కొట్లో కొన్న పులిహోరేమో అనుకున్నా" అని నవ్వింది. తర్వాత తన మొక్క రెమ్మలు అందరికీ పంచింది. హైమ చెయ్యి చాపింది. "అయ్యో, అయిపోయాయే" అంది ఉమ. సంచిలో ఇంకో గుప్పెడు కనపడుతూనే ఉంది.

ఆ చాపిన చెయ్యి ఇంకా మండుతోంది. మర్నాడే హైమ మొక్క కొంది. ఉగాదికి సొంత ఆకు వేసి పులిహోర చెయ్యాలి. తలా ఒక రెమ్మ ఇవ్వాలి. ఉమ దాకా వచ్చేసరికి "అయ్యో, అయిపోయాయే" అనాలి. ఈ జన్మకి అది చాలు.

వాళ్లవి రెండిళ్లంటే రెండిళ్లు కాదు. ఎప్పుడో ఎవరో ఒకే ఇంటికి మధ్యన గోడ కట్టి రెండు చేశారు. ఉమ అద్దాల గది ఈ గోడకి అవతలే. అందులో ఆమె మొక్క నిలువెత్తున, నిగనిగలాడుతూ ఉంది. పెరట్లోకి వెళ్తే చాలు, కళ్లలో పడుతుంది.

హీటరుని ముందు మోహన్ చూశాడు. బ్రేకర్ ఆపి మళ్లీ వేశాడు. వాక్యూమ్‌తో దుమ్ము లాగాడు. ఎర్ర రీసెట్ బటన్ నొక్కాడు. మాన్యువల్ మొత్తం చదివి, "అన్నీ కరెక్ట్‌గానే ఉన్నాయి. హీటర్‌కే మూడ్ లేదు" అని తేల్చేశాడు.

ఇక లాభం లేదని హైమ ఆంజనేయప్రసాద్ గారిని పిలిచింది. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. ట్రాయ్‌లో తెలుగువాళ్లింట్లో ఏది చెడినా ఆయనే వచ్చి చూస్తారు. డయల్ ఒకసారి తిప్పి, గోడకి చెవి ఆనించారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

"హీటర్ బాగానే ఉందమ్మా. వైర్లు తారుమారయ్యాయి. నువ్వు డయల్ తిప్పితే ఉమా వాళ్ల హీటర్ ఆన్ అవుతోంది. వాళ్లు తిప్పితే నీది."

హైమ గోడ వైపు గుర్రుగా చూసింది. చలి మొదలైన దగ్గర్నుంచీ తన కరెంటుతో ఉమ మొక్కని పెంచి పోషించింది తనేనన్నమాట!

"రెండిళ్లలో బ్రేకర్లు ఆపితే అరగంటలో మార్చేస్తా" అన్నారాయన.

హైమ డయల్ వైపు చూసింది. నెమ్మదిగా ఆమె మొహం వికసించింది.

"వద్దంకుల్, వేసవిలో చూద్దాం. ఈ సంగతి ఉమకి మాత్రం చెప్పకండి. ఒట్టు వెయ్యండి."

ఆయన ఆమెని ఎగాదిగా చూశారు. ఒట్టు వేసి, కాఫీ తాగి వెళ్లిపోయారు.

తలుపు మూయగానే హైమ డయల్‌ని సున్నాకి తిప్పింది. ఇప్పుడు ఉమ గది చల్లబడుతుంది. ఉమ కంగారుపడి తన డయల్ పెంచుతుంది. అది పెంచిన కొద్దీ ఇవతల గది వెచ్చబడుతుంది. శత్రువు చేతే తన మొక్కకి సేవలు! ఆ రోజు హైమ కూనిరాగం తీస్తూ వంట చేసింది.

మూడో రోజుకి ఉమ మొక్క ఆకులు పసుపు తిరిగాయి. హైమకి కడుపు నిండిపోయింది. ఐదో రోజు ఉమ తన మొక్కకి శాలువా కప్పింది. హైమ మోహన్‌ని చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లి చూపించింది.

"పాపం, మొక్కేం చేసింది?" అన్నాడతను.

"నా పులిహోరేం చేసింది?" అంది హైమ.

అంతా అనుకున్నట్టే జరుగుతోంది. ఒక్కటే తేడా. ఇవతల హీటరు వెచ్చబడటం లేదు. రోజుకి పదిసార్లు చెయ్యి పెట్టి చూసింది. మొక్కకి నాలుగు రెమ్మలు మిగిలాయి. తర్వాత రెండు. పదో రోజుకి కుండీలో ఒట్టి పుల్ల నిలబడింది. అవతలి కుండీలోనూ ఒట్టి పుల్లే.

హైమ ఏడుపు ఆపుకుంటూ ఆంజనేయప్రసాద్ గారికి మళ్లీ ఫోన్ చేసింది. ఆయన వచ్చి, హీటరు మూత విప్పి, మీటర్ పెట్టి చూశారు.

"వైర్లు నేను చెప్పినట్టే ఉన్నాయమ్మా. అవతల్నుంచి కరెంటే రావట్లేదు. ఉమ డయల్ సున్నాలో ఉంది."

"సున్నాలో ఎలా ఉంటుందంకుల్? కళ్లెదుట మొక్క చచ్చిపోతుంటే శాలువా కప్పింది గానీ డయల్ ముట్టుకోలేదా? చలేస్తే ఎవరైనా ముందు తిప్పేది అదే కదా!"

ఆంజనేయప్రసాద్ గారు మూత బిగించి, నింపాదిగా చేతులు తుడుచుకున్నారు.

"ఒట్టు తీసి గట్టున పెడుతున్నానమ్మా," అన్నారాయన. "నవంబర్‌లో ఉమ పిలిస్తే వెళ్లి ఈ వైర్ల సంగతి తనకీ చెప్పాను, తనకి తెలుసని నీకు చెప్పొద్దని అప్పుడే నా చేత ఒట్టు వేయించుకుంది."