పక్కింటి మరమ్మతు

"మా కంచె దగ్గర మీకేం పని బాబాయిగారూ?"

పక్కింటాయన ఉలిక్కిపడ్డాడు. చేతిలో బ్రష్షు, కాళ్ల దగ్గర చెదల మందు డబ్బా. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. ఎంత ఇరుకు సందులోనైనా తడబడకుండా బండి తిప్పిన మనిషి. ఇప్పుడు మాత్రం ఎటు తిరగాలో తెలియనట్టు నిలబడిపోయాడు.

అడిగిన ఇంటావిడ నర్సు. డ్యూటీ మారడంతో ఆ రోజు మధ్యాహ్నానికే ఆసుపత్రి నుంచి వచ్చేసింది. లేకపోతే ఇది ఆమె కంట పడేదే కాదు.

"ఏం లేదమ్మా. గుంజ మొదట్లో చెద పట్టింది. కాస్త మందు పూస్తున్నా."

"మా గుంజకి మీరెందుకు పూయడం?"

"నీళ్లు నిలుస్తున్నాయని మట్టి తీసి కంకర పోశా. తడి మట్టి తగిలితే చెక్క కుళ్లిపోతుంది కదా."

అడిగినదానికి అది జవాబు కాదు. నర్సు కంచె పొడవునా చూసింది. ప్రతి గుంజ తలమీదా వాన దిగకుండా ఒక రేకు టోపీ. వదులైన పలకలకు మేకుల బదులు కొత్త స్క్రూలు. నేలకు ఆనుతున్న పలకల అడుగులు అంగుళం మేర కోసి ఉన్నాయి.

"ఇవన్నీ మీరే చేశారా?"

"ఇంకో పదేళ్లు చెక్కుచెదరదమ్మా."

"మాకు పదేళ్లక్కర్లేదు. వచ్చే నెల దీన్ని పీకించి ఇనుప కంచె వేయిస్తున్నాం. దాన్ని ఆనుకుని పాపకి గది కట్టిస్తున్నాం."

ఆయన మొహం పాలిపోయింది. "పీకించొద్దమ్మా. నీకు దణ్ణం పెడతా" అని డబ్బా అందుకుని గబగబా వెళ్లిపోయాడు.

సాయంత్రం భర్త అంతా విని తల గోక్కున్నాడు.

"మన కంచె మీద ఆయనకంత ప్రేమేంటి?"

"అదే నా బుర్రకెక్కట్లేదు."

"కింద ఏమన్నా పాతిపెట్టాడంటావా?"

"పాతిపెట్టినవాడు పట్టపగలు తవ్వుతాడా?"

"పోనీ, మతి తప్పిందేమో."

"మతి తప్పినవాళ్లు స్క్రూలు అంత తిన్నగా బిగించరు."

"అయితే మంచితనం అనుకో."

"ఆయన సొంత గేటు చూశారా? తుప్పు పట్టి ఊడి చేతికొచ్చేలా ఉంది. దాని మీద లేని మంచితనం మన కంచె మీదేనా?"

భర్త మళ్లీ తల గోక్కున్నాడు.

మర్నాడు కంచెలు కట్టే మేస్త్రి వచ్చాడు. గుంజల్ని ఒక్కొక్కటిగా తట్టి చూశాడు.

"పసిపిల్లని సాకినట్టు సాకారమ్మా దీన్ని. ఎందుకు పీకడం?"

"పీకాల్సిందే."

"మీ ఇష్టం. అయితే ముందు సర్వే చేయించండి. పాతదానికి మరమ్మతంటే ఎవరూ అడగరు. కొత్తది కట్టాలంటే మాత్రం కొలిచి కాగితం రాసిస్తారు. ఆ కాగితంలో ఎక్కడుంటే అక్కడే హద్దు. తర్వాత ఎవరు మొత్తుకున్నా మారదు."

నర్సు గిరుక్కున పక్కింటివైపు తిరిగింది. పక్కింటాయన రేకుల షెడ్డు కంచెను ఒరుసుకుని ఉంది. వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

"మన స్థలం తినేశాడండీ ఆయన."

"ఎవరు?"

"ఇంకెవరు, కంచె ప్రేమికుడు. కంచె పడితే కొలతలేస్తారు. కొలతలేస్తే బండారం బయటపడుతుంది. అందుకే దాన్ని పడనివ్వట్లేదు."

"ఎంత తినుంటాడు?"

"ఎంతైతేనేం? రెండడుగులు పోయినా పాపకి గది రాదు."

సర్వేయరు వచ్చిన రోజు పక్కింటాయన వాళ్ల గేటు దగ్గరికి పరుగున వచ్చాడు.

"ఈ కొలతలొద్దమ్మా. పెద్దవాణ్ణి, ఒక్క మాట విను."

"ఎందుకొద్దో చెప్పండి, వింటాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "చెప్పలేను."

"చెప్పలేరని తెలుసు. వెళ్లి షెడ్డులో సామాను సర్దుకోండి."

పక్కింటికి అవతలి మూలనున్న హద్దురాయి దగ్గర కొలత మొదలైంది. సర్వేయరు అక్కడ నిలబడ్డాడు. టేపు కొస పట్టుకుని భర్త తమ ఇంటివైపు నడిచాడు. షెడ్డు దగ్గరికి వచ్చి, నవ్వుతూ ఆగాడు.

"అక్కడ కాదు, ఇంకా జరగండి" అని సర్వేయరు కేకేశాడు.

భర్త కంచె దాకా వెళ్లాడు.

"ఇంకా."

కంచె మీదుగా టేపు లాక్కుని తమ పెరట్లోకి వచ్చాడు. నవ్వు తగ్గింది.

"ఇంకా జరగాలండీ."

"ఇంకా జరిగితే వంటింట్లోకి పోవాలి."

"పోండి."

టేపు వంటింటి కిటికీలోంచి లోపలికి వెళ్లింది, ఎదురు తలుపులోంచి పడకగదిలోకి. సర్వేయరు వచ్చి చూసుకుని, మంచం పక్కన నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు.

"ఈ గీతకి అవతలిదంతా పక్కవారి స్థలమమ్మా. వంటిల్లు మొత్తం, ఈ గది సగం."

నర్సు మంచం మీద కూలబడింది.

"ఈ సంగతి... ఆయనకి తెలుసా?"

"తెలియకేం? ఆయన తన ఇల్లు కొన్న కొత్తలో కాగితం లేకుండా ఊరికే కొలిపించుకున్నారు. కొలిచింది నేనే. మీ చెవిన పడకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇవాళ కొలవమన్నది మీరు కాబట్టి చెప్పక తప్పలేదు."

సర్వేయరు కాగితం తీసి, పెన్ను మూత విప్పాడు.

వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని, బయటినుంచి పక్కింటాయన బతిమాలుతున్నాడు.

"రాసేయకండి సార్. మీ టేపు సాగినట్టుంది, ఇంకోసారి కొలవండి."