సీతాఫలం చెట్టు మీద సోమవారం కూడిక

ప్రతి ఆదివారం ఆ చర్చి కప్పు మీద మూడువందల పావురాలు ఆరాధనకు చేరేవి. అన్నీ కలిసి పాటెత్తుకుంటే పెంకులు అదిరేవి. ఆ సందడంటే తెల్లపావురానికి మహా గర్వం.

ఓ సోమవారం సాయంత్రం గోరింక దాన్ని బతిమాలి, సీతాఫలం చెట్టు మీద జరిగే ప్రార్థన కూడికకు తీసుకెళ్లింది. అక్కడ గోరింక కాక ఉన్నది ఉడుత, రెండు పిచ్చుకలు, అంతే. పాటయ్యాక ఒక్కొక్కరూ ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పారు. పావురం వంతు వచ్చింది.

"నాకు చెప్పుకోవడానికేం లేదు చెల్లీ. అయినా నలుగురు కూర్చుంటే అదో కూడికా?"

"నీతో ఐదుగురమయ్యాం కదక్కా! మళ్లీ రా," అంది గోరింక.

తర్వాతి ఆదివారం పొద్దున, క్రిస్మస్ నక్షత్రం కట్టి వదిలేసిన దారంలో పావురం కాలు చిక్కుకుంది, సరిగ్గా చర్చి గంట వెనక. ఎంత అరిచినా దాని గొంతు మూడువందల గొంతుల్లో కలిసిపోయింది. ఆరాధన ముగిసింది, అందరూ ఎగిరిపోయారు. ఒకరు తక్కువని ఎవరికీ తెలియలేదు.

సోమవారం చెట్టు మీద రెండో చరణంలోనే చిన్న పిచ్చుక ఆగిపోయింది. "పావురమక్క రాలేదే?"

"మనం నచ్చలేదేమో," అంది ఉడుత.

"అదైనా అడిగొద్దాం పదండి!" అంది పిచ్చుక.

పాట ఆపి నలుగురూ వెతికారు. గంట వెనక పావురం కనిపించగానే ఉడుత దారం కొరికింది. పిచ్చుకలు గింజలు తెచ్చాయి.

"ఇక గూటికెళ్లి పడుకో అక్కా," అంది గోరింక.

పావురం రెక్కలు దులుపుకుంది.

"బాగుంది! కూడిక సగంలో వదిలేస్తారా? కూర్చోండి. ఈ వారం మొదటి సాక్ష్యం నాదే."